పాత బండి కమాను

రాజుగారి కొత్త పందెపు బండికి వెనక, కుదుపు తగలకుండా ఆపే కమాను కడుతూ కమ్మరి పోలయ్య, ఎప్పుడూ వేసే ఎనిమిది ఇనుప పట్టీల్లో నాలుగు తగ్గించాడు. ఇనుము కాజేశాడంటూ దివాను విరూపాక్షరావు నిండు సభలో అలవాటుగా గంటసేపు ఉపన్యాసం దంచాడు.

పోలయ్య చేతులు కట్టుకుని, "పట్టీలు ఎక్కువైతే కమాను వంగదు ప్రభూ, గతుకు తగిలితే బండి ఎగిరిపడుతుంది. దివానుగారిని ఎనిమిది పట్టీల పాత బండెక్కించి, అది పరుగెత్తుతుండగా ఈ మాటలే మళ్లీ చెప్పమనండి. ఒక్క వాక్యం పూర్తయితే నా చేతులు నరికించండి" అన్నాడు.

మొదటి గతుకుకే దివాను నాలుక కరుచుకున్నాడు. కొత్త బండెక్కిన పోలయ్య, తన మీద మోపిన నేరమంతా పొల్లుపోకుండా అప్పజెప్పి దిగాడు.

ఆ బండితోనే పందెం గెలిచిన రాజుగారు, పాత కమానును దివాను సొంత బండికి బిగించమన్నారు. దివాను అందులో వచ్చినన్నాళ్లూ సభ మధ్యాహ్నం దాటలేదు.