అద్దకంవీధి సమ్మతి

కుందవరం రాజు చిత్రకేతుడికి ఓ ఉదయం ఒక కోరిక పుట్టింది. తన అంబారీ ఏనుగు కోట గుమ్మంలో బయలుదేరితే ఎక్కడా మలుపు తిరక్కుండా ఏటిదాకా పోవాలి. అడ్డంగా అద్దకంవీధి ఉంది. రెండువందల ఏళ్లనాటి మండువా ఇళ్లు, చెక్క స్తంభాలు, వీధంతా కలిసి వాడుకునే రంగు తొట్లు.

"అక్కడివాళ్లని అడిగి చూడండి. వద్దంటే వదిలేద్దాం," అన్నాడు రాజు. మనిషి మంచివాడే.

నగరాధికారి ప్రచండరాయుడు నాలుగోరోజు వచ్చి, ఆ వీధి నడిబొడ్డునే మూడు రోజులూ పట్టపగలే దండోరా వేయించాననీ, అభ్యంతరం ఉంటే చెప్పుకోమంటే ఒక్క గొంతూ లేవలేదనీ విన్నవించాడు. ఇంత నిండైన సమ్మతి తన జన్మలో చూడలేదన్నాడు. వచ్చే సోమవారం గోడలు కూల్చడానికి ముహూర్తం పెట్టేశారు.

సభలో చివరి స్తంభం వెనక కూర్చునే విదూషకుడు ఓబులేశం. రాజుగారి హాస్యానికి నవ్వడం తన ఉద్యోగమనీ, స్తంభం అడ్డు కాబట్టి పక్కవాళ్లు నవ్వాక నవ్వుతాననీ తన గురించి తనే చెప్పుకునేవాడు.

ఆ రోజు దీపాలవేళ, వెలిసిన తలపాగాకి రంగేయించుకుందామని అద్దకంవీధికి వెళ్లాడు. ఇల్లు పోతున్నందుకు విచారంగా నాలుగు మాటలంటే, గౌరమ్మ అనే ముసలమ్మ అతణ్ణి ఎగాదిగా చూసింది. దండోరా సంగతి ఆవిడకే కాదు, వీధిలో ఎవరికీ తెలీదు.

"పొద్దు పొడవకముందే గుడ్డలు జాడించడానికి పిల్లాజెల్లాతో ఏటికి పోతాం. ఇదిగో, ఈ వేళకి వస్తాం. పట్టపగలొచ్చి ఎవరిని అడిగారు నాయనా, మా పిల్లుల్నా?"

ఓబులేశం నవ్వబోయాడు. ఆవిడ గుమ్మం నిమురుతుంటే ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

మర్నాడు రాజుతో, ఏనుగు తిన్నగా నడిస్తే చాలదు, మంచి శాల కూడా ఉండాలన్నాడు. చోటు చూశాననీ, రాయుడుగారి పద్ధతిలోనే జనాన్ని అడిగొస్తాననీ చెప్పాడు. రాజు సరేనన్నాడు.

మూడు రోజులు గడిచాక ఓబులేశం సభలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దండోరా వేయించాను మహారాజా. మూడువందల మంది విన్నారు. ఒక్కరూ కాదనలేదు. ప్రచండరాయుడుగారి మేడ పడగొట్టి ఏనుగుశాల కట్టుకోవచ్చు."

రాయుడి భుజమ్మీది ఉత్తరీయం జారిపోయింది. ఆ దండోరా ఎక్కడ వేశావని గద్దించాడు. ఏటి ఒడ్డున, పట్టపగలేనన్నాడు ఓబులేశం.

"పగలు నేను కొలువులో ఉంటానని తెలీదూ? ఇల్లు నాది. నేను లేనిచోట ఎవరినో అడిగితే అది అడిగినట్టెలా అవుతుందయ్యా?"

ఓబులేశం వంగి దణ్ణం పెట్టాడు.

"ఈ ముక్క నేనంటే ఎవరూ వినరని, తమరిచేత అనిపించాను. ఏటి ఒడ్డున విన్నవాళ్లంతా అద్దకంవీధివాళ్లే. తమరు వాళ్ల వీధిలో డప్పు కొట్టించినప్పుడూ వాళ్లు ఆ ఏటి ఒడ్డునే ఉన్నారు."

రాజు ముందు రాయుడి మొహం చూశాడు, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. అద్దకంవీధిలో ఒక్క ఇటుకా కదలకూడదనీ, మలుపు తిరగడం ఏనుగే నేర్చుకుంటుందనీ ఆజ్ఞ వేసి, చేతి కంకణం తీసి ఓబులేశానికి తొడిగాడు.

"మరి నా మేడ, ప్రభూ?" అని గొణిగాడు రాయుడు.

"అభ్యంతరం దండోరా వేసినచోటే కదా చెప్పుకోవాలి. రేపు ఏటికి వెళ్లి ఆ మూడువందల మందినీ బతిమాలుకో," అన్నాడు రాజు. ఈసారి సభ మొత్తం గొల్లుమంది.