చేమాకు మీద సున్నం చుక్కలు

ఒకప్పుడు చేమ మొక్కల ఆకులన్నీ ముదురాకుపచ్చే. చుక్క లేదు, మచ్చ లేదు.

అలాంటి ఓ చేమ మొక్క పైడమ్మ ఇంటి వెనక, స్నానాల నీళ్లు పారే మూలలో పుట్టింది. చుట్టూ గోడలు, పైన చూరు. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ మసక చీకటే. ఆ చీకట్లో దాని పచ్చటి ఆకులు ఎవరి కంటా పడేవి కావు. కోళ్లు తొక్కేవి, మేక తొక్కేది, నీళ్ల బిందెతో వచ్చే పైడమ్మ అందరికన్నా గట్టిగా తొక్కేది. తొక్కుతున్నానని ఆవిడకి తెలిస్తేగా!

చివరికి చేమకి ఒకే ఒక్క ఆకు మిగిలింది. అదీ పోతే దుంప కుళ్లిపోవడం ఖాయం. పాపం, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికేది.

"సూరీడు మామా, కాస్త ఇటు తొంగి చూడవా? నేనున్నానని వాళ్లకి తెలుస్తుంది" అని బతిమాలింది.

"చూరు అడ్డం తల్లీ. నువ్వే వాకిట్లోకి రారాదూ" అన్నాడు సూరీడు.

వాకిట్లో ఎండ మండిపోతోంది. అక్కడ ఒక్క పూట కూడా బతకనని చేమకి తెలుసు.

ఇంతలో దసరా వచ్చింది. పైడమ్మ ఇంటికి సున్నం కొట్టి, గోడల అడుగున ఎర్రజాజు పూయడం మొదలుపెట్టింది. వెనక మూలకి వచ్చేసరికి ఏది గోడో, ఏది ఆకో కంటికి ఆనలేదు. ఆకు మీద కూడా కుంచెతో ఓసారి సున్నం కొట్టేసి, దానిపైన కాస్త జాజు పూసేసి, గోడ బాగా కుదిరిందనుకుంటూ వెళ్లిపోయింది.

సున్నం చురుక్కుమంది. చేమాకు మీద నీళ్లు నిలవవు కదా, రంగు జారిపోసాగింది. హమ్మయ్య అనుకుంది చేమ.

అప్పుడే పరిగెత్తుకొచ్చిన కోడిపుంజు ఆకు ముందు టక్కున ఆగింది. "ఇదేంటి, తెల్లగా ఉంది?" అంటూ చుట్టు తిరిగి పోయింది.

చేమకి విషయం బోధపడింది. రంగంతా జారిపోతే మళ్లీ కాళ్ల కిందే బతుకు. మంటని పంటి బిగువున ఓర్చుకుని, మిగిలిన చుక్కల్ని గట్టిగా పట్టుకుంది.

"తడి అక్కా, ఇవి ఎండి రాలిపోకుండా చూడవా?" అని వేళ్ల దగ్గరున్న తడిని అడిగింది.

"చూస్తాను. కానీ నువ్వు నా దగ్గరే ఉండాలి. ఎండలోకి పోయావో, నాది పూచీ కాదు" అంది తడి. చేమ సరేనంది.

మర్నాడు పైడమ్మ బిందెతో వచ్చి, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపేసింది. "ఓలమ్మ, ఇక్కడున్నావేటే నువ్వు? ఇన్నాళ్లూ నిన్నే తొక్కీసినానా?" అంటూ వంగి, దాని చుట్టూ నాలుగు రాళ్లు పేర్చింది. ఇక కొత్త ఆకులు ఒక్కొక్కటే పైకి లేచాయి. ప్రతి ఆకూ తెల్లచుక్కలతో, ఎర్రచుక్కలతోనే పుట్టింది. చేమ సంతోషం ఇంతా అంతా కాదు.

అప్పటినుంచే రంగుల చేమ తడి నేలలో, నీడపట్టున పెరుగుతుంది. ఎండలో పెడితే ముందు ఆ తెల్లమచ్చలే మాడతాయి. నీడలో ఉంచితే మాత్రం, అది ఎంత చీకటి మూలైనా సరే, మన కాలు దానంతటదే ఆగుతుంది.