మడుగులో వారం వాటా

వేసవిలో లంకలో కాపరం అంటే ఏమిటో గేదెల్ని అడగండి, చెబుతాయి. చైత్రం దాటిందంటే గోదారి మైలు దూరం జరిగిపోతుంది. మధ్యలో అంతా ఇసకే. మిట్టమధ్యాహ్నం కాలు పెడితే గిట్టలు చుర్రుమంటాయి. పోనీ వానాకాలం సుఖమా అంటే అదీ లేదు. శ్రావణం వచ్చేసరికి అదే గోదారి లంక మీదకొచ్చి కూర్చుంటుంది. పశువులన్నీ ఏటిగట్టెక్కి, నెల్లాళ్ళపాటు దాచుకున్న వామిలో గడ్డి నములుతూ నిలబడాలి. వామి ఉన్నవాళ్ళు బతుకుతారు. లేనివాళ్ళ సంగతి నన్నడక్కండి.

ఆ లంకలో చుక్కమ్మ అని ఒక గేదె ఉండేది. నుదుటి మీద తెల్లమచ్చ, నిదానం మనిషి. మొగుడు వీరన్న పోతు మంచివాడే, కష్టజీవే, కానీ ఎవడైనా 'తమరంతటివారు' అన్నాడంటే ఇక కొమ్ములు ఆకాశంలో ఉంటాయి. నిరుడు వరద నెల దాటి ఇంకో పది రోజులు తియ్యలేదు. వామి అయిపోయింది. చుక్కమ్మకి పాలెండిపోయాయి. పుట్టి వారం తిరక్కుండానే దూడ గట్టు మీద ప్రాణం వదిలింది. ఆ దుఃఖం ఆ తల్లికి ఇప్పటికీ తీరలేదు. ఇప్పుడు మళ్ళీ చూలుతో ఉంది. అందుకే వరి కోతల నాటి నుంచీ మొగుడూ పెళ్ళాం ఒక్కో కట్టే మోసి, నలభై కట్టల వామి వేసుకున్నారు. పుట్టబోయే దూడ బతుకంతా ఆ నలభై కట్టల్లోనే ఉంది.

సరిగ్గా ఎండలు మండుతున్న వేళ లంకలోకి దిగాడు నక్క సింగారయ్య. కొండమీంచి వచ్చాడు. మెడకి పచ్చటి తీగ చుట్టుకున్నాడు, నడుం వంచి దణ్ణం పెట్టాడు.

"వీరన్నగారూ! లంక మొత్తం గాలించి పన్నెండు మందిని ఏరానండీ. అందులో మొదటి పేరు తమరిదే. ఎల్లుండి మా కొండ మడుగు దగ్గర విందు. తెలగపిండి, కుడితి, లేత జొన్నచొప్ప."

"ఎంతివ్వాలి?"

"ఇవ్వడమా! అయ్యయ్యో, తమరి దగ్గర తీసుకుంటానా? తిని, నేను చెప్పే నాలుగు ముక్కలు వినండి, చాలు."

నక్క వెళ్ళాక చుక్కమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఊరికే తెలగపిండి పెట్టే మహానుభావుణ్ణి నేనింతవరకూ చూళ్ళేదండీ."

"నువ్వు ప్రతిదానికీ అనుమానమే! నిరుడు ఎండకి నువ్వు సొమ్మసిల్లి పడిపోతే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఇప్పుడు ఒట్టిమనిషివి కూడా కాదు. ఓ వారం చల్లటి నీళ్ళలో కూర్చోబెడదామని నాకుండదా?"

ఆ మాటకి చుక్కమ్మ మెత్తబడింది. "సరే పదండి. తిందాం, విందాం. మాట మాత్రం ఇచ్చేయకండి."

పన్నెండు పశువులూ ఏరు పట్టుకుని కొండెక్కాయి. దారిలో ఒక మడుగు తగిలింది. మీద మద్దిచెట్ల నీడ, ఒడ్డున ఎలుగుబంటి పెద్దాయన. ఏమీ అమ్మేవాడిలా లేడు, కూర్చుని వీపు గోక్కుంటున్నాడు.

"వారం ఉంటే ఎంతండీ?" అడిగింది చుక్కమ్మ.

"మూడు కట్టలమ్మా. వస్తే ఇవ్వండి, రాకపోతే మానండి."

ఇంకో నాలుగు అడుగులు పైకెక్కితే సింగారయ్య మడుగు. అదే ఏరు, అవే నీళ్ళు. కాకపోతే ఇక్కడ తోరణాలు, పూలతీగలు. పక్కనే ఇంటెత్తు గడ్డివామి. నక్కకి గడ్డెందుకయ్యా అంటారేమో. గడ్డి ఉన్నచోటికి కుందేళ్ళొస్తాయి, కుందేళ్ళొచ్చినచోట నక్కకి పనుంటుంది. ఇంతకంటే వివరం చెప్పను.

తోరణం కింద కొండమేక పెంటమ్మ నిలబడి, వచ్చినవాళ్ళందరికీ "చాలా బాగుందండీ, కొనుక్కోండి" అని అప్పజెబుతోంది. మొహంలో మాత్రం చుక్క నెత్తురు లేదు.

విందు ఘనంగా జరిగింది. కాదనను. తెలగపిండి తొట్లకి తొట్లు నింపాడు. అందరి పొట్టలూ బిగిశాక సింగారయ్య రాయెక్కాడు.

"అయ్యలారా, అమ్మలారా! ఎన్నాళ్ళని పరాయి నీళ్ళలో మునుగుతారు? ఈ మడుగులో ఏటా ఒక వారం మీ సొంతం. మీరున్నన్నాళ్ళూ మీది, మీ తరవాత మీ దూడలది. ధర నలభై కట్టలు, ఒక్కసారి కడితే సరి. మడుగు బాగుచేయించడానికి ఏడాదికి రెండంటే రెండు కట్టలు, అది ఏటా ఒక్క కట్ట పెరుగుతుంది, అంతే. ఈ ధర ఇవాళ పొద్దు గుంకేదాకానే. రేపొస్తే యాభై!"

"సొంత మడుగు!" వీరన్న ఛాతీ ఉప్పొంగింది. "తీసుకుందామే. మన వామి కూడా సరిగ్గా నలభయ్యే!"

నిరుటి గట్టు, నిరుటి దూడ కళ్ళముందు మెదిలాయి. అయినా గొంతు పెంచలేదు. నెమ్మదిగా నీడలోకి నడిచి, కాళ్ళు మడుచుకుని కూర్చుంది.

"ఉండండి. తిన్నది నెమరేసుకోవాలి కదా."

సింగారయ్య పప్పులో కాలేసింది ఇక్కడే. లంక పశువులకి తాతల నాటి ఆనవాయితీ ఒకటుంది. నెమరేస్తుండగా ఏ బేరమూ ఖాయం చెయ్యరు. దవడ ఆగేదాకా అవుననీ అనరు, కాదనీ అనరు. కొండ నక్కకి ఈ సంగతేం తెలుసు? కడుపు నిండితే తలూపుతారనుకుని తొట్లకొద్దీ తెలగపిండి పెట్టాడు. అంత పిండి నెమరేయాలంటే ఎంతసేపు పడుతుందో మీరే లెక్కేసుకోండి.

చుక్కమ్మని చూసి మిగతా పదిమందీ కూర్చున్నారు. కాసేపటికి వీరన్న కూడా కూర్చోక తప్పలేదు. పన్నెండు దవడలు ఆడటం మొదలెట్టాయి.

"అమ్మా, పొద్దు వాలుతోంది..." అన్నాడు నక్క.

"నములుతున్నాను బాబూ. ఒక ముక్క అడగనా? మాకిచ్చే వారం ఎప్పుడు?"

"వైశాఖం, జ్యేష్ఠం నిండిపోయాయమ్మా. పుష్యంలో బ్రహ్మాండమైన వారం ఉంది."

"పుష్యంలో చలికి మా పళ్ళు టకటకలాడుతుంటాయి. అప్పుడు మడుగులో దిగాలా?"

వీరన్న నమలడం ఆపి నక్క వంక చూశాడు.

"అదికాదమ్మా," నక్క తడుముకున్నాడు, "ఇది ఆస్తి! మీరు దిగకపోయినా ధర పెరుగుతూ ఉంటుంది. కావాలన్నప్పుడు అమ్ముకోండి, ఎగబడి కొంటారు."

చుక్కమ్మ ఇంకో ముద్ద పైకి తెచ్చుకుంది. తీరిగ్గా నమిలింది. అప్పుడు తోరణం వైపు తిరిగి, "పెంటమ్మా, నువ్వూ వాటా కొన్నావా?" అంది.

మేక అటూ ఇటూ చూసింది. ఇక ఆపుకోలేక బావురుమంది. "కొన్నాను వదినా! మూడేళ్ళయింది. మేకనై పుట్టి నీళ్ళ మడుగులో వాటా కొన్నాను! చినుకు పడితే చూరు కిందకి దూరే జాతి మాది. ఆరోజు ఈయన మాటలకి కళ్ళు మూసుకుపోయాయి. ఇప్పటికి ఒక్కసారైనా గిట్ట తడపలేదు. ఏటేటా కట్టలు మాత్రం కడుతున్నాను. ఈ యేడు కట్టలేకపోతే ఇలా నిలబడి పొగడమన్నాడు."

పన్నెండు దవడలూ ఒక్క క్షణం ఆగాయి. నక్క గుండె కూడా ఆగినంత పనైంది.

"అయ్యో, ఏడవకు," అంది చుక్కమ్మ. "నీ అదృష్టం కొద్దీ ఇవాళ ధర నలభై ఉంది. రేపు యాభై అవుతుందట. సింగారయ్యగారు ఎగబడి కొంటారన్నారుగా. ఆయనకంటే దాని విలువ తెలిసినవాళ్ళెవరు? ఏం సింగారయ్యగారూ, పెంటమ్మ వాటా తమరే తీసుకోకూడదూ? ఇవాళ నలభైకి కొని రేపు యాభైకి అమ్ముకోవచ్చు."

నక్క నీళ్ళు నమిలాడు. వద్దంటే తన సరుకు తనకే అక్కర్లేదని పన్నెండు మంది ముందు ఒప్పుకున్నట్టు. సరే అంటే? మనసులో చకచకా లెక్క కట్టుకున్నాడు. ఒక్క మేకకి నలభై పోతే పోనీ, ఎదురుగా ఇన్ని వాములు కూర్చుని ఉన్నాయి.

"దానికేం భాగ్యం! ఎవరమ్మినా నలభైకి నేను కొంటాను. సింగారయ్య మాటంటే మాటే!"

ఆ 'ఎవరమ్మినా' అన్నాడు చూశారూ, కొండంతా విన్నది. పొదల్లోంచి ఇద్దరు దుప్పులు వచ్చారు. వెనక అడవిపంది. ఆ వెనక మూడు కుందేలు కుటుంబాలు. అందరూ పాత వాటాదార్లే. వరసలో నిలబడ్డారు.

"మాదీ తీసుకోండయ్యా!"

"మాది మాఘమాసం వారం. దయచేసి తీసుకోండి."

ఏడుగురి దగ్గర కొన్నా పన్నెండు మందికి అమ్ముతాను కదా అనుకుని, పళ్ళు కొరుక్కుంటూ కట్టలు లాగి ఇచ్చాడు. ఇంటెత్తు వామి మోకాలెత్తుకొచ్చింది, మోకాలెత్తు వామి నేలకొచ్చింది. పెంటమ్మ తన నలభై కట్టలూ చూసుకుని గంతులేసింది. ఆ గంతులు చూసి నాకైతే కడుపు నిండిపోయింది.

"ఇక తమరి వంతు!" నక్క చెమట తుడుచుకున్నాడు. "అదిగో, పొద్దు గుంకిపోతోంది!"

"ఇదే ఆఖరి ముద్ద," అంది చుక్కమ్మ. "ఏవండీ వీరన్నగారూ, కాస్త గిట్టతో లెక్కపెట్టండి. కింద ఎలుగు పెద్దాయన మడుగులో వారానికెంత?"

వీరన్న నేలమీద గిట్టతో కొట్టాడు. "మూడు."

"ఇక్కడ వాటా కొంటే మొదటి ఏడు ఎంత కట్టాలి? ఆ నలభై పక్కనపెట్టండి."

"రెండు."

"రెండో ఏడు?"

"మూడు. అద్దెంతే."

"మూడో ఏడు?"

"నాలు..." వీరన్న గిట్ట గాల్లోనే ఆగిపోయింది. "ఒసేయ్! అద్దెకంటే ఎక్కువే!"

"మరి ముందిచ్చే నలభై కట్టలు దేనికండీ?"

పన్నెండు జతల కళ్ళు నక్క మీదకి తిరిగాయి.

"సొంతం... సొంతమన్న పేరుకి," అన్నాడు సింగారయ్య. "రేపు ఆ ఎలుగు అద్దె పెంచితే ఏం చేస్తారు?"

"పెంచితే మానేసి ఇంట్లో కూర్చుంటాం. మీరు పెంచితే మానడానికి లేదుగా. మేం పోయాక మా దూడదన్నారు, అంటే అదీ కట్టాలి." చుక్కమ్మ తలెత్తి నక్క వంక సూటిగా చూసింది. "నా వామి నా బిడ్డకి తిండయ్యా. నీ పుష్యమాసం చన్నీళ్ళకి ధారపోస్తానా? నిరుడు గడ్డి లేక ఒక బిడ్డని పోగొట్టుకున్నదాన్ని. మళ్ళీ ఆ పని చెయ్యను."

దవడ ఆగింది. చుక్కమ్మ లేచి నిలబడింది. "నెమరైపోయింది. మాకొద్దు."

"మాకూ వద్దు!" పదిమందీ లేచారు. "తెలగపిండి మాత్రం అమృతం, సింగారయ్యగారూ!" అన్నాడు వీరన్న, మూతి నాక్కుంటూ.

పొద్దు గుంకింది. మడుగులో అన్ని వారాలూ ఇప్పుడు నక్కవే. దగ్గర ఒక్క గడ్డిపరక లేదు.

మనవాళ్ళిద్దరూ ఎలుగు పెద్దాయన మడుగులో దర్జాగా వారం ఉన్నారు. మెడదాకా మునిగి, చెవులు మాత్రం ఆడిస్తూ. వాళ్ళని చూసి మిగతావాళ్ళు కూడా వంతులవారీగా వచ్చి ఉండి వెళ్ళారు. లంకకి తిరిగొచ్చాక మనవాళ్ళు తమ వామిలోంచి మూడు కట్టలు పెద్దాయనకి పంపించారు. ఇంకా ముప్ఫై ఏడు మిగిలాయి.

శ్రావణంలో గోదారి రానే వచ్చింది. ఈసారి నెలా పదిహేను రోజులు తియ్యలేదు. అయితేనేం? ఏటిగట్టు మీద చుక్కమ్మ కడుపునిండా తింటోంది, పొదుగు నిండా పాలు. పక్కన నుదుటి మీద తెల్లమచ్చతో దూడ, తల్లిని కుమ్మి కుమ్మి తాగుతోంది. "ఆ నక్క వాలకం నాకు మొదట్లోనే తెలిసిపోయింది," అని వీరన్న గట్టు పొడుగునా చెప్పుకు తిరుగుతున్నాడు. చుక్కమ్మ నవ్వి ఊరుకుంటోంది. దూడ బతికింది. ఆ సంతోషంలో మొగుడి గొప్పలు కూడా ముద్దొస్తున్నాయి ఆవిడకి.

అంతలో తోక తడుపుకుంటూ ఎవరో గట్టెక్కారు. చూస్తే సింగారయ్య. డొక్కలు అంటుకుపోయాయి.

"వీరన్నగారూ... మా మడుగు కూడా అద్దెకే ఇస్తున్నానండీ. వారానికి రెండే కట్టలు. ఒక్క ఇవాళే ఈ ధర..."

చుక్కమ్మ కాళ్ళు మడుచుకుని కూర్చుంది. ఆవిడని చూసి వీరన్న కూర్చున్నాడు. గట్టు మీదున్న పశువులన్నీ ఒక్కటొక్కటిగా కూర్చున్నాయి.

"రండి బాబూ, కూర్చోండి," అంది చుక్కమ్మ. "నెమరేసుకుని చెబుతాం."

నక్క వెనక్కి తిరిగి చూడకుండా పరుగు తీశాడు.

నీతి: వారం సుఖానికి వారం వెల ఇవ్వాలి గాని, ఉన్న వామంతా ఇచ్చేయకూడదు.