ఎండ తిన్న నీలం

దాలినాయుడు పొద్దుట్నుంచీ టీ కూడా తాగలేదు. పదకొండు గంటలకి అనసూయ గారు భర్తని వెంటపెట్టుకుని షెడ్డుకి వస్తారు. ఆయన కారెక్కుతారో ఎక్కరో తెలీదు. అదంతా ఎడమవైపు ముందు తలుపు మీదే ఆధారపడి ఉంది. ఆ తలుపుకి రంగు వేసింది దాలినాయుడు.

గాజువాక ఆటోనగర్‌లో బషీర్ ఉస్తాద్ దగ్గర కార్ల పెయింటింగు నేర్చుకోడానికి చేరి అతనికి నాలుగేళ్ళయింది. ఇన్నాళ్ళూ రంగు కలిపేటప్పుడు ఉస్తాద్ పక్కనే ఉండేవాడు. "ఇది నువ్వే చూసుకో" అని పూర్తిగా వదిలేసిన మొదటి పని ఇదే.

కారు పదహారేళ్ళ నాటిది. నీలం రంగు. దాని యజమాని భీమేశ్వరరావు గారికి మూడేళ్ళుగా మతిమరుపు జబ్బు. భార్య పేరు ఒకరోజు గుర్తుంటుంది, ఒకరోజు ఉండదు. కారు మాత్రం గుర్తే. సాయంత్రం అయ్యేసరికి తనే వెళ్ళి ఎడమవైపు తలుపు తీసుకుని కూర్చుంటారు. అనసూయ గారు బీచి రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తీసుకొస్తే, ఆ తర్వాత నాలుగు ముద్దలు తింటారు.

పోయిన వారం మార్కెట్ దగ్గర ఒక వ్యాను ఆ తలుపుని నొక్కేసి పోయింది. కారు షెడ్డుకి వచ్చింది.

"త్వరగా ఇచ్చీ బాబూ," అంది ఆవిడ నిన్న వచ్చి. "కారు కనబడక ఆయన వెతుక్కుంటూ రెండుసార్లు బయటికి వెళ్ళిపోయేరు. రెండోసారి హైవే మీద లారీల మధ్య దొరికేరు. ఎల్లుండి పొద్దున్న ఆసుపత్రిలో స్కానింగు ఉంది. ఇంకే బండీ ఎక్కరు."

దాలినాయుడు ఆ మాట విన్నప్పట్నుంచీ కంగారు పడుతూనే ఉన్నాడు. అందుకే ఒకటికి రెండుసార్లు కారు కంపెనీ ఇచ్చిన రంగు కోడ్ చూసి, గ్రాము తేడా లేకుండా రంగు కలిపాడు. తలుపు అద్దంలా వచ్చింది.

పదకొండు దాటాక వాళ్ళు నడుచుకుంటూ వచ్చారు. ఇల్లు నాలుగు వీధుల అవతలే. దూరం నుంచే కారు పైకప్పు చూసి భీమేశ్వరరావు గారి నడక జోరందుకుంది. ఆయన మొహంలో నవ్వు చూసి దాలినాయుడు ఊపిరి పీల్చుకున్నాడు.

ఆయన తలుపు దగ్గరికొచ్చి ఆగిపోయారు. చెయ్యి హ్యాండిల్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

"ఇది మాది కాదు."

"మనదేనండీ," అంది అనసూయ గారు. "నంబరు చూడండి."

"ఎవరిదో కారు. ముట్టుకోకూడదు. పద." "మనదేదీ? మన కారేదీ?" అంటూ పక్కనున్న కార్ల మధ్యలోకి వెళ్ళి ఒక్కొక్కదాన్నీ వంగి చూడసాగారు. ఆవిడ వెనకే వెళ్ళి చెయ్యి పట్టుకుంది. ఆయన విదిలించుకున్నారు.

బతిమాలి బతిమాలి ఆవిడ ఆయన్ని ఇంటివైపు తిప్పుకుంది. వెళ్తూ దాలినాయుణ్ణి ఏమీ అనలేదు. "రేపు ఎనిమిదింటికి వస్తాం బాబూ" అంది, అంతే.

దాలినాయుడికి కోపం వచ్చింది.

"కోడ్ ప్రకారమే కలిపేను ఉస్తాద్. కావాలంటే మీరే తూచి చూడండి. నా రంగులో తప్పు లేదు. పెద్దాయనకి మతి లేకపోతే నేనేం చెయ్యను?"

ఉస్తాద్ స్క్రూడ్రైవర్ తీసుకుని కారు వెనక్కి వెళ్ళి కింద కూర్చున్నాడు. తుప్పు పట్టిన స్క్రూలు ఒక్కొక్కటే విప్పి నంబర్ ప్లేటు ఊడదీశాడు.

ప్లేటు కింద పదహారేళ్ళుగా ఎండ తగలని రేకు ఉంది. ముదురు నీలం. దాలినాయుడు తలుపుకి వేసిన నీలం అదే. చుట్టూ ఉన్నదంతా వెలిసిపోయి, పాత లుంగీలా తెల్లబారి ఉంది.

"నీ రంగు సరైనదే," అన్నాడు ఉస్తాద్, ప్లేటు కిందున్న చోట వేలు పెట్టి. "ఈ కారుకి వేశావు." లేచి నిలబడి వెలిసిన పైకప్పు మీద చెయ్యి ఆనించాడు. "ఆయన ఎక్కేది దీన్ని."

దాలినాయుడు ఆ ముదురు నీలాన్నీ, పైకప్పునీ మార్చి మార్చి చూశాడు. తర్వాత, "పోనీ కారంతా కొత్త రంగు వేసేద్దామా ఉస్తాద్? అంతా ఒకేలా ఉంటుంది" అన్నాడు.

"ఎక్కుతారా?"

దాలినాయుడు గరుకు ఎమెరీ కాగితం తడిపి, తను ఎంతో మురిసిపోయిన తలుపుని తనే అరగదీయడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నమంతా రంగుతోనే సరిపోయింది. తెలుపు కలిపితే సున్నంలా వచ్చింది. నలుపు చుక్క వేస్తే మురికిగా అయింది. ఎండకి వెలిసిపోవడమంటే రంగు పల్చబడడం ఒక్కటే కాదని, లోపల సన్నటి పసుపు చేరుతుందని అప్పుడే తెలిసింది. రేకు ముక్కల మీద పూసి ఎండలోకి తీసుకెళ్ళేవాడు, నీడలోకి తెచ్చేవాడు. ఎండలో కలిసింది నీడలో విడిపోయేది.

నాలుగింటికి ఇంకో సంగతి కళ్ళబడింది. తలుపుకి ముందున్న రేకు ఒక నీలం, వెనక తలుపు ఇంకో నీలం. వాళ్ళ ఇంటి దగ్గర కారు నిలిపినప్పుడు ముందు భాగం మీదే పడమటి ఎండ పడుతుందన్నమాట. ఒక్క రంగుతో రెండింటికీ కుదరదు.

ఉస్తాద్ వైపు చూశాడు. ఉస్తాద్ వేరే కారు పనిలో ఉన్నాడు. తలెత్తలేదు.

దాలినాయుడు రెండు డబ్బాల్లో రెండు నీలాలు కలిపాడు. ముందువైపు నుంచి ఒకటి, వెనకవైపు నుంచి ఒకటి స్ప్రే కొట్టుకుంటూ వచ్చి మధ్యలో కనబడకుండా కలిపేశాడు. మెరుపు కూడా తగ్గించాడు. పొద్దు వాలేలోపు పని అయింది. ఇంటికెళ్ళాడే గానీ కన్ను మూతపడలేదు.

పొద్దున్న ఎనిమిదికి ముందే వాళ్ళు వచ్చారు. అనసూయ గారి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆసుపత్రి కాగితాల సంచి గుండెకి అదుముకుని ఉంది.

భీమేశ్వరరావు గారు నిన్నటిలా వేగంగా రాలేదు. అనుమానంగా వచ్చి తలుపు ముందు నిలబడ్డారు.

ఆయన తలుపుని చూడనే లేదు. హ్యాండిల్ లాగి, ఎక్కి కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకున్నారు. తర్వాత భార్య వైపు తిరిగి, "రావేం? ఆలస్యమవుతోంది" అన్నారు.

ఆవిడ నవ్వబోయి ఏడ్చింది. స్టీరింగు ముందు కూర్చున్నాక అద్దం దించి, "ఇంక ఈ రంగు మారకుండా ఏం చెయ్యాలి బాబూ?" అని అడిగింది.

"నీడలో పెట్టండమ్మా. సముద్రం గాలి కదా, వారానికోసారి మంచినీళ్ళతో కడగండి. పిట్ట రెట్ట పడితే ఎండనివ్వకుండా తుడిచేయండి. మూడు నెలలకోసారి తీసుకురండి, నేనే వ్యాక్స్ రుద్దుతాను."

కారు వీధి మలుపు తిరిగింది. దాలినాయుడు ఇంకా అటే చూస్తున్నాడు. అతని మొహంలో కంగారు పోలేదు.

"ఉస్తాద్," అన్నాడు మెల్లగా. "నేను వేసింది కొత్త రంగు. మిగతాది పాతది. ఎంత కాపాడినా రెండూ ఒకేలా వెలిసిపోవు. రెండేళ్ళు పోయాక ఆ తలుపు మళ్ళీ వేరుగా కనబడుతుంది. అప్పుడాయన..."

బషీర్ ఉస్తాద్ చేతికంటిన రంగు గుడ్డతో తుడుచుకున్నాడు.

"ఇవాళ ఎక్కారు" అన్నాడు.