ఎదురుగా ఎవరూ లేరనుకోండి

మా యూనివర్సిటీ హాస్టల్లో పద్నాలుగో నంబరు గది తెలివికి పెట్టింది పేరు. ఆ పేరు పెట్టింది మేమే. గదిలో ఉండేది ముగ్గురం: నూకరాజు, సన్యాసిరావు, నేను. నా పేరు గవర్రాజు. ముగ్గురం చరిత్రలో ఎమ్మే మొదటి సంవత్సరం. మిగతా గదుల వాళ్ళు ఎవరైనా ఏదైనా చెబితే సగం విని, మిగతా సగం సొంతంగా కల్పించుకునేవాళ్ళు. మేమలా కాదు. చెప్పింది చెప్పినట్టు, అక్షరం పొల్లుపోకుండా చేసేవాళ్ళం. ముగ్గురిలో తెలివి నాకే కాస్త ఎక్కువని నా నమ్మకం. మిగతా ఇద్దరి నమ్మకమూ అదే, కాకపోతే ఎవరి గురించి వాళ్ళకి.

మచ్చుకి ఒకటి చెబుతాను. "గదిలో ఎవరూ లేనప్పుడు తాళం వేయవలెను" అని వార్డెన్ గారు నోటీసు అంటించారు. అందరూ చదివి మర్చిపోయారు. మేం మర్చిపోలేదు. క్లాసుకి వెళ్ళే ముందు గదిలో ఎవరైనా ఉన్నారేమో చూడమని నూకరాజుని లోపలికి పంపేవాళ్ళం. వాడు మంచాల కింద కూడా చూసి, "ఎవరూ లేర్రా!" అని లోపల్నుంచి అరిచేవాడు. అంతే, బయట తాళం వేసేసేవాళ్ళం. ఆ వారంలో వాడికి మూడు క్లాసులు పోయాయి. అయినా నోటీసు నోటీసే కదా.

ఇంత తెలివి ఉండీ మాకు ఇంగ్లీషు రాదు. మాలాంటి వాళ్ళ కోసమే యూనివర్సిటీ వాళ్ళు ప్రత్యేకంగా ఇంగ్లీషు మాట్లాడే క్లాసు పెట్టారు. చెప్పేది హైమవతి మేడం. కాంట్రాక్టు ఉద్యోగం, ఏ ఏడాదికా ఏడాది. ముప్పై మంది చేరారు, దసరా సెలవుల తర్వాత ముగ్గురం మిగిలాం. మేమెందుకు మిగిలామంటే, మొదటి రోజు నేను లేచి నా పేరు ఇంగ్లీషులో చెప్పడానికి పావుగంట పట్టింది. మేడం ఆ పావుగంటా నవ్వకుండా కూర్చుంది. అయ్యాక, "బాగుంది గవర్రాజూ, రేపు మీ ఊరి పేరు చెబుదువుగాని" అంది. అప్పటిదాకా నేను ఇంగ్లీషు మాట్లాడితే నవ్వని మనిషిని నేను చూడలేదు. ఆ రోజు ముగ్గురం గదిలో కూర్చుని తీర్మానం చేసుకున్నాం, మేడం ఏం చెబితే అది చేసి తీరాలని.

మొదట ఆవిడ చెప్పింది చాలా చిన్న పని. "మీ గదిలో కనిపించే ప్రతిదానికీ ఇంగ్లీషు పేరు చీటీ మీద రాసి అంటించండి. రోజూ చూస్తుంటే అవే వచ్చేస్తాయి."

ఇంకేముంది! గిన్నెడు మైదా ఉడికించాం. బల్లకి అంటించాం, బకెట్లకి అంటించాం. ఫ్యానుకి అంటించి స్విచ్చి వేస్తే చీటీ ఎగిరిపోయింది, అంచేత ఫ్యాను వేసుకోవడం మానేశాం. అద్దానికి కాస్త పెద్ద చీటీ పడింది. సన్యాసిరావు రోజూ అద్దం అన్న మాటలోకి చూసుకుంటూ తల దువ్వుకునేవాడు. "ఏట్రా, పాపిడి వంకర పోయిందా?" అంటే, "కనపడట్లేదు గానీ స్పెల్లింగు మాత్రం వచ్చేసింది" అనేవాడు. నూకరాజు చీటీ పట్టుకుని గోడ మీద బల్లి వెంట పరిగెడుతుంటే వార్డెన్ గారు లోపలికొచ్చారు.

"ఏమిటిరా ఈ గోల?" అని ఆయన అటు తిరిగారు.

నూకరాజు నా చెవిలో, "ఈయనకీ అంటించాలంటావా?" అన్నాడు.

"గదిలో కనిపిస్తున్నారా, లేదా?"

"కనిపిస్తున్నారు."

అంతే. ఆయన వీపు మీద చీటీతో రిజిస్ట్రారు గారి మీటింగుకి వెళ్ళి, గంటసేపు కూర్చుని వచ్చారు. మైదా మంచిది, మూడు ఉతుకులకి గానీ వదల్లేదట.

తర్వాత మేడం సంభాషణలు మొదలుపెట్టింది. పుస్తకంలో డాక్టరూ రోగీ మాట్లాడుకుంటారు. రోగి, "నాకు సోమవారం నుంచి తలనొప్పీ జ్వరమూ" అంటాడు. డాక్టరు, "అన్నం తినకండి, పడుకుని ఉండండి" అంటాడు. సన్యాసిరావు డాక్టరు, నూకరాజు రోగి. నాకు వేషం మిగల్లేదు. "నువ్వు పక్కనుండి చూస్తూ ఉండు గవర్రాజూ" అంది మేడం. ఇంతలో గంట కొట్టారు. అది శుక్రవారం. "సోమవారం క్లాసు దాకా ఇదే ప్రాక్టీసు చేయండి. పాత్రలో లీనమైపోవాలి!" అనేసి వెళ్ళిపోయింది.

నూకరాజు తిన్నగా గదికొచ్చి మంచమెక్కాడు. సన్యాసిరావు వాడి కంచం బోర్లించాడు. నేను చూస్తూ ఉన్నాను.

ఆదివారం మెస్సులో కోడికూర. వాసన గది దాకా వచ్చింది. "ఒరే డాక్టరూ, ఒక్క ముక్కరా!" అన్నాడు నూకరాజు.

"ఇంగ్లీషులో అడుగు."

"ఇంగ్లీషులో ఆ మాట పుస్తకంలో లేదురా."

"అయితే నీకు ఆకలి లేనట్టే" అని సన్యాసిరావు వెళ్ళి ఇద్దరి వాటా తినొచ్చాడు. నేను ఆకలితోనే చూస్తూ కూర్చున్నాను. నన్ను చూడమన్నారు గానీ తినమనలేదు కదా.

సోమవారం పొద్దున రోగి కళ్ళు తేలేశాడు. వార్డెన్ గారు ఆటోలో వేసి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరు పొట్ట నొక్కి, "ఎప్పుడు తిన్నావయ్యా?" అని అడిగాడు. పుస్తకంలో రోగికి ఉన్నది ఒకటే మాట. నూకరాజు నీరసంగానైనా తప్పు లేకుండా, తనకి సోమవారం నుంచి తలనొప్పీ జ్వరమూ అని ఇంగ్లీషులో చెప్పాడు. అంతే, రెండు ఇంజెక్షన్లు పొడిచారు. మాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. నిజం డాక్టరుకి మావాడి ఇంగ్లీషు అర్థమైంది మరి!

మేడం ఇడ్లీలు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. సంగతంతా విని తల పట్టుకుంది. "తప్పు నాదేనయ్యా. ఎక్కడ ఆపాలో చెప్పలేదు."

"పర్లేదు మేడం" అని పెద్దమనసుతో క్షమించాం.

వార్డెన్ గారు మాత్రం క్షమించలేదు. ఇంగ్లీషు క్లాసు వల్ల హాస్టల్లో ఆరోగ్యాలూ చొక్కాలూ పాడవుతున్నాయని అర్జీ రాశారు. దాంతో క్లాసు చూడటానికి కమిటీ వేశారు. ముగ్గురు మనుషులు, వాళ్ళకి పెద్ద రిటైరైన ప్రొఫెసరు గారొకాయన. మేం ముగ్గురం వాళ్ళ ముందు ఇంగ్లీషు మాట్లాడలేకపోతే క్లాసు ఎత్తేస్తారు, మేడం ఉద్యోగం ఆ నెలతో సరి.

మేడం మాకు దాచకుండా చెప్పింది. "మీరు నోరు విప్పకపోతే నేను మా ఊరి బస్సెక్కాల్సిందే."

"ఏ బస్సు మేడం?" అన్నాడు సన్యాసిరావు. నేను వాడి కాలు తొక్కాను. బస్సు సంగతి తర్వాత కనుక్కోవచ్చు కదా.

కొత్తవాళ్ళని చూస్తే మా నాలుకలు అంగిట్లో అతుక్కుపోతాయని మేడంకి తెలుసు. ఆలోచించి ఆలోచించి చెప్పింది. "చూడండి. వాళ్ళని చూసి బెదిరిపోకండి. ఎదురుగా ఎవరూ లేరనుకోండి. మీలో మీరు మాట్లాడుకున్నట్టు ఇంగ్లీషులో మాట్లాడేయండి. అంతే."

ఆస్పత్రి అనుభవం ఉంది కనక నేను తెలివిగా అడిగాను. "ఎందాకా మేడం?"

"ఆఖరిదాకా" అంది ఆవిడ.

కమిటీ రానే వచ్చింది. పరీక్షప్పుడు మేడం ఉండకూడదన్నారు, ఆవిడ స్టాఫ్ రూములో కూర్చుంది. ముందు వరసలో మూడు కుర్చీలు, వాటిలో ముగ్గురు. బల్ల మీద వాళ్ళ కోసం టీలు, బిస్కెట్లు. ప్రొఫెసరు గారు కళ్ళజోడు సవరించుకుని ఇంగ్లీషులో నా పేరడిగారు.

నేను సన్యాసిరావు వంక చూశాను. "ఏదో చప్పుడైంది" అన్నాను.

"గాలి" అన్నాడు వాడు.

ఇదంతా ఇంగ్లీషులోనే. మీరు కష్టపడకుండా తెలుగులో చెబుతున్నాను. మేం మాత్రం కష్టపడ్డాం.

నూకరాజుకి ఇంకా నీరసం తగ్గలేదు. కూర్చోవడానికి అటూ ఇటూ చూశాడు. బెంచీలు గట్టివి. ఎదురుగా ఖాళీ కుర్చీలు మూడున్నాయి. వెళ్ళి నడిమి దాంట్లో, అంటే ప్రొఫెసరు గారి ఒళ్ళో, హాయిగా కూలబడ్డాడు. "దిస్ చెయిర్ ఈజ్ వెరీ సాఫ్ట్" అన్నాడు. వాడు పుట్టాక పుస్తకం చూడకుండా చెప్పిన మొదటి ఇంగ్లీషు వాక్యం అదే! సన్యాసిరావు చప్పట్లు కొట్టడానికి అడ్డొస్తోందని, చేతిలో ఉన్న బోర్డు తుడిచే డస్టరు పక్కనున్న సభ్యుడి నెత్తిన పెట్టాడు.

"ఎవరూ లేరు, టీ ఉంది. చల్లారిపోతుంది" అన్నాను నేను.

"ఎవరికోసం తెచ్చారో?" అన్నాడు సన్యాసిరావు.

"వాళ్ళు రాలేదుగా. తాగేద్దాం."

తాగాం. బిస్కెట్ల దగ్గర తగువొచ్చింది. నీకు నాలుగు, నాకు రెండేనా అని పావుగంట ఇంగ్లీషులో దెబ్బలాడుకున్నాం. ప్రొఫెసరు గారు నూకరాజుని కిందకి తోయాలని చూస్తున్నారు. వాడు సర్దుకుని ఇంకా వెనక్కి ఆనుకున్నాడు.

"ఆ ప్రొఫెసరు కోపిష్టి అంట. వస్తే ఏం చెబుతావురా?" అని నేనడిగాను.

నూకరాజు బిస్కెట్ నములుతూ ఆలోచించాడు. ఒక్కో మాటా వెతుక్కుంటూ మెల్లగా చెప్పాడు. "నేను నోరు తెరిస్తే బళ్ళో నవ్వారు. మా ఊళ్ళో నవ్వారు. బ్యాంకులో నవ్వారు. నేను నోరు మూసేశాను. మేడం నవ్వలేదు. మళ్ళీ తెరిచాను. మేడంని పంపేయకండి అని చెబుతాను."

తోస్తున్న చేతులు ఆగిపోయాయి.

ఇంతలో గంట కొట్టారు. నూకరాజు లేచాడు. క్లాసు తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. "గదిలో ఎవరైనా ఉన్నారా?" అన్నాను. సన్యాసిరావు మూడు కుర్చీల దగ్గరా వంగి వంగి చూసి, "ఎవరూ లేరు" అన్నాడు. ఈసారి వాడు బయటికొచ్చేదాకా ఆగాం, అనుభవం ఎక్కడికి పోతుంది? లైటూ ఫ్యానూ ఆపేసి, తాళం వేసి, రెండుసార్లు లాగి చూశాను.

మేడం స్టాఫ్ రూము గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఎలా జరిగింది?"

"దంచేశాం మేడం."

"కమిటీ వాళ్ళేమన్నారు?"

"వాళ్ళా? ఎవరూ రాలేదు మేడం."

ఆవిడ మొహం పాలిపోయింది. "రాలేదా? ఇందాక నేనే కూర్చోబెట్టి వచ్చానే!"

అప్పుడే క్లాసు వైపు నుంచి తలుపు బాదుతున్న చప్పుడు వినిపించింది. నూకరాజు ఆవిడ కొంగు పట్టుకున్నంత పని చేశాడు. "అటెళ్ళకండి మేడం! ఎవరూ లేని గదిలోంచి చప్పుడొస్తోంది. దెయ్యం!"

మేడం నా చేతిలోంచి తాళంచెవి లాక్కుని పరుగు తీసింది. తలుపు తీయగానే ముగ్గురూ చెమటలు కక్కుతూ బయటపడ్డారు. ఒకాయన నెత్తి మీద డస్టరు ఇంకా అలాగే ఉంది. మేడం చేతులు జోడించింది. అయిపోయింది, ఇక బస్సే అనుకుంది కాబోలు.

ప్రొఫెసరు గారు నలిగిన పంచె సర్దుకుని ఒక కాగితం ఆవిడ చేతిలో పెట్టారు. "లోపల వేరే పనేం లేదు కదమ్మా, రిపోర్టు రాసేశాను."

మేడం చదివింది. "విద్యార్థులు జంకు లేకుండా ఇంగ్లీషు మాట్లాడుతున్నారు. వీళ్ళకి ఇంగ్లీషు ఒక్కటే వచ్చింది, మిగతావన్నీ ఇంకా రావాలి. కనక ఈ మేడం గారు ఇక్కడ ఉండటం చాలా అవసరం. మూడేళ్ళకి తక్కువ కాకుండా."

మేడం నవ్వింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. ఆవిడ మమ్మల్ని చూసి నవ్వడం అదే మొదలు. మాకు కష్టంగా అనిపించలేదు.

ప్రొఫెసరు గారు నూకరాజు భుజం తట్టారు. "నాయనా, ఇక మీదట నేను లేననుకోకండి. ఎప్పుడూ మీ దగ్గరే ఉన్నాననుకోండి. ధైర్యంగా మాట్లాడండి."

ఆయన వెనకాల నిలబడి మేడం రెండు చేతులూ ఊపుతోంది, వద్దు సార్ వద్దు సార్ అన్నట్టు. అప్పటికే ఆలస్యమైపోయింది.

అంతే. ఆ సాయంత్రమే గదిలో కిటికీ పక్క మంచం ఆయనకిచ్చేశాం, నూకరాజు కింద పడుకుంటున్నాడు. దిండుకి చీటీ కూడా అంటించాం. మెస్సులో ఆయనకో కంచం పెట్టిస్తాం, పాపం ఏమీ ముట్టుకోరు. ఇక గదికి తాళం వేయడం మానేశాం. ఎవరూ లేనప్పుడే కదా వేయమన్నారు, లోపల పెద్దాయన ఉండగా ఎలా వేస్తాం?

పోయిన వారం రెండు బకెట్లూ సన్యాసిరావు ట్రంకుపెట్టే కనిపించలేదు. దొంగలు పడ్డారని వార్డెన్ గారు ఒకటే అరుపులు. అంత పెద్దమనిషి గదిలో ఉండగా దొంగలెలా వస్తారండీ? ఏదో అవసరం పడి ఆయనే తీసి ఉంటారని మేం ఊరుకున్నాం. ఇవాళ క్లాసు నుంచి వచ్చి చూస్తే ఆయన మంచం కూడా లేదు. ఆ వయసులో పాపం, నేల మీద ఎలా పడుకుంటారో ఏమో.