విశాలాక్షమ్మ కంప్యూటర్లో శ్రీశైలం

నరహరి ముందుండి నడిపిన మూడు ఆదివారాలూ ఒకే తీరు. బయలుదేరేటప్పుడు ఏడు విమానాలు, దిగేటప్పుడు రెండు.

నిజం విమానాలు కావవి. కర్నూల్లో ఎవరిళ్లలో వాళ్లు కంప్యూటర్ల ముందు కూర్చుని, చెవులకి మైకులు తగిలించుకుని, ఒకే ఆకాశంలో కలిసి ఎగిరేవాళ్లు. ఆ జట్టుని కూర్చింది ఇబ్రహీం మాస్టారు. ఒకప్పుడు విమానం నడపడం నేర్చుకునే పిల్లలకి పాఠాలు చెప్పినాయన. ఇప్పుడు ఆయనకి చూపు మందగించింది. ఈ ఆదివారం శ్రీశైలం ప్రయాణం అందరితో సాగితే జట్టుని నరహరికి అప్పగిస్తానన్నాడు. సాగకపోతే ఇంతటితో చాలించేద్దామన్నాడు.

అందుకే శనివారం పొద్దున్నే నరహరి కాగితాలు పట్టుకుని మాస్టారింటికి వచ్చాడు. నాగార్జునసాగర్ దగ్గర పైకి లేవడం, కృష్ణమ్మ వెంబడే నల్లమల లోయలో ప్రతి మలుపూ, ఎక్కడెంత ఎత్తు, ఎంత వేగం, ఏ నిమిషానికి గుడి శిఖరం కుడిచేతి వైపు కనబడుతుందో, అంతా రాసి ఉంది.

మాస్టారు భూతద్దం పెట్టుకుని చివరిదాకా చదివాడు.

"బాగా రాశావప్పా. పెళ్లి ముహూర్తం కూడా ఇంత గట్టిగా పెట్టరు."

"ఇంత చేసినా ఎవరూ నిలబడటం లేదు మాస్టారూ. వాళ్లకి ఓపిక లేదు."

"ముందు తప్పుకునేది ఎవరు?"

"ఇంకెవరు, విశాలాక్షమ్మ గారు. ఏమీ కనబడలేదు నాయనా అంటూ దిగిపోతారు. ఆవిడ వెనకే మిగతావాళ్లు. పోయినవారం చెప్పేశాను, కళ్లజోడు మార్చుకోండమ్మా అని."

మాస్టారు కాగితాలు మడిచి నరహరి జేబులోనే పెట్టాడు. చెప్పులేసుకున్నాడు.

"పద, చాయ్ తాగొద్దాం."

చాయ్ విశాలాక్షమ్మ ఇంట్లో. రెండు వీధుల అవతల. హిందీ పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. ఘాట్ రోడ్డు మలుపులు ఒంటికి పడక ఆవిడ శ్రీశైలం వెళ్లి ఆరేళ్లయింది. రేపటి శిఖర దర్శనం కోసం సోమవారం నుంచే ఎదురుచూస్తోంది.

"చెల్లెమ్మా, మావాడు రేపటి దారి ఒకసారి నీ కంప్యూటర్లో ఎగిరి చూస్తాడంట," అన్నాడు మాస్టారు.

నరహరి ఆ మాట అననే లేదు. అయినా కూర్చున్నాడు.

మూతపడిన నెట్ సెంటర్ వాళ్ల దగ్గర కొన్న పాత పెట్టె అది. కుంకుమబొట్టు పెట్టి ఉంది. "ఇది లేచేలోపు నాకు లలితా సహస్రం సగం అయిపోతుంది నాయనా," అంటూ ఆవిడ టీ గ్లాసులు తెచ్చింది.

నరహరి తను రాసిన ఎత్తులో, తను రాసిన వేగంతో లోయలోకి పోయాడు. కొండలుండాల్సిన చోట పచ్చటి పిండిముద్దలున్నాయి. ఒక్కో ముద్దకీ అంచులు తేలి, చెట్లు మొలిచి, కొండయ్యే వేళకి అది రెక్క కింద నుంచి వెనక్కి వెళ్లిపోయేది. నది ఎక్కడ తిరిగిందో కూడా తెలియలేదు. కాగితంలోని నిమిషం వచ్చింది. కుడివైపు చూశాడు. ఆకుపచ్చ మరక.

"శిఖరం ఏదమ్మా?"

"వస్తుంది నాయనా. పాపం దానికి కాస్త టైం పడుతుంది. నేను వెనక్కి తిరిగి చూద్దామనుకునేలోపు నువ్వు వరస తప్పకండి అంటావు కదా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అదే నరహరికి గుచ్చుకుంది.

"మిగతావాళ్లవీ ఇట్లాంటివేనా మాస్టారూ?"

"కొంచెం అటూ ఇటూ."

"మీకు తెలిసీ నాకు చెప్పలేదు."

"చెప్తే ఇంకో కాగితం రాసేవాడివి," అని మాస్టారు టీ ఊదుకున్నాడు.

ఆదివారం ఏడు విమానాలూ లేచాయి. నరహరి వేగం సగానికి తగ్గించాడు. మలుపు మలుపుకీ ఇంకాస్త నెమ్మదించి, వెనకవాళ్లు వచ్చారో లేదో అడుగుతూ పోయాడు. శ్రీశైలం చేరాక ముందుకి పోలేదు. శిఖరాన్ని కుడిచేతి వైపే ఉంచుకుని, ప్రదక్షిణ చేసినట్టు, మెల్లగా చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. మిగతా ఆరూ వెనకే తిరిగాయి.

కాసేపటికి ఒక గొంతు, "నాకొచ్చింది." ఇంకో చుట్టుకి మరో రెండు గొంతులు. విశాలాక్షమ్మ మైకులోంచి మాత్రం ఫ్యాను చప్పుడొక్కటే వినబడుతోంది. నరహరి తిరుగుతూనే ఉన్నాడు.

చాలాసేపటికి ఆ ఫ్యాను చప్పుడులోంచి, "తండ్రీ," అని సన్నగా వినిపించింది. తర్వాత గాజులు ఒకదానికొకటి తగిలిన శబ్దం. ఆవిడ చేతులు జోడించింది కాబోలు.

నరహరి ఇక పదండి అనలేదు. ఇంకా తిరుగుతూనే ఉన్నాడు.

"ఇది ఎన్నో చుట్టప్పా?" మైకులో మాస్టారు అడిగాడు.

"చూసుకోలేదు మాస్టారూ."

"అట్లయితే వచ్చేవారం నుంచి నువ్వే నడిపించు."