పెద్దరాజుగారి సర్వర్

కోటలో కంప్యూటర్లుండే ఒకానొక రాజ్యంలో, రాజుగారి లినక్స్ కంప్యూటర్‌లో ఏ సైటు పేరు కొట్టినా అది తెరుచుకునేలోపు ఆయనకు కునుకు పట్టేది. బాగుచేయకపోతే దేశబహిష్కారమేనంటూ మెకానిక్ చెన్నకేశుల్ని పట్టుకొచ్చారు.

కంప్యూటర్‌లో రాసి ఉన్న, సైట్ల అడ్రసులు చెప్పే సర్వర్ల పేర్ల వరుసలో మొదటిది రాజుగారి తండ్రి పెట్టించిన సర్వర్‌ది. అది ఎప్పుడో ఆగిపోయింది. ఆ పేరు తీసేద్దామని చెన్నకేశులు అంటే ముసలి మంత్రి గుడ్లురిమాడు.

"పెద్దరాజుగారు పెట్టినదాన్ని ముట్టుకుంటే తల తీయిస్తా!"

ఇంతలో రాజు మజ్జిగ తెమ్మన్నాడు. చెన్నకేశులు వెళ్లి, ఎదుటి వంటింటి గోడమీద దండ వేసి ఉన్న పాత వంటవాడు గంగప్ప పటం ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"మజ్జిగేదిరా?"

"గంగప్పగారిని అడిగాను ప్రభూ. ఆయన పలకకపోతే ఇప్పటి వంటవాణ్ణి అడుగుతాను."

"పోయినవాడు ఎలా పలుకుతాడురా!"

"మీ కంప్యూటరూ అంతే ప్రభూ. ఆగిపోయిన సర్వర్‌ని అడిగి, జవాబు కోసం కాచుకుని, ఆ తర్వాతే రెండోదాన్ని అడుగుతోంది."

రాజు పకపకా నవ్వాడు. "మరి నాన్నగారి గౌరవం?"

"పేరు చెరపను. పటానికి దండ వేసినట్టు దాని ముందొక # గుర్తు పెడతాను. పేరు అక్కడే ఉంటుంది, ఇక దానికెవరూ పని చెప్పరు."

గుర్తు పెట్టగానే సైట్లు చిటికెలో తెరుచుకున్నాయి. రాజు మంత్రివైపు అదోలా చూశాడు.

"ఒరే చెన్నకేశులూ, అలాంటి గుర్తు ఇంకొకటుందా?"